మటిల్డాకి ఆరు మార్కులు

పబ్లిక్ పరీక్షలు దగ్గరకొస్తున్నాయంటే లెక్కలకీ సైన్సుకీ ట్యూషన్ పెట్టించే తల్లులం, ఇంగ్లీషు దగ్గరకి వచ్చేసరికి "అదేముంది, చదువుకుంటే అదే వస్తుంది" అని వదిలేస్తాం. గ్రామరు వరకూ ఫరవాలేదు. చిక్కంతా పాఠాల దగ్గరే. కథ చదువుతారు, కథ అర్థమవుతుంది, తీరా "ఈ కథలో ఫలానా మనిషి స్వభావం గురించి రాయండి" అని ప్రశ్న కనబడేసరికి పిల్లలు బిక్కమొహం వేస్తారు. ఆ తర్వాత గైడు తెరుస్తారు. అందులో ఉన్న అరడజను విశేషణాలూ బట్టీపట్టి, పరీక్ష హాల్లో అప్పజెప్పి వచ్చేస్తారు.

మీలో చాలామంది నాలాగే తెలుగు మీడియంలో ఇంటర్మీడియట్ వరకు చదివి ఆగినవాళ్ళై ఉంటారు. "నా ఇంగ్లీషే అంతంతమాత్రం, ఇంక పిల్లకి నేనేం చెబుతాను?" అనుకుంటారు. ఒక్కమాట అడుగుతాను, చెప్పండి. పెళ్ళిచూపులకి వెళ్ళి ఓ గంట కూర్చుని వచ్చాక, ఆ ఇంటి అత్తగారు ఎలాంటి మనిషో మీరు చెప్పలేరూ? "మాట తీయగానే ఉంది కానీ, కాఫీ కప్పులు తెచ్చిన పెద్దకోడలి వంక ఒక్కసారైనా చూసిందేమో గమనించారా?" అంటాం. అదిగో, క్యారెక్టర్ స్కెచ్ అంటే అదే! మనిషి మీద ఒక అభిప్రాయం, దానికి మనం కళ్ళారా చూసిన రుజువు. పేపరు దిద్దేవాళ్ళు అడిగేదీ ఇంతే. భాష వాళ్ళదైనా విద్య మనకి వచ్చిందే కదండీ!

ఊరికే చెబితే గాల్లో మాటలా ఉంటుంది కాబట్టి ఒక కథ తీసుకుందాం. సీబీఎస్‌ఈ పదో తరగతి వాళ్ళకి "ఫుట్‌ప్రింట్స్ వితౌట్ ఫీట్" అని ఒక చిన్న పుస్తకం ఉంది. అందులో "ది నెక్లెస్" అనే కథ ఉంది. రాసినాయన మొపాసా అనే ఫ్రెంచి రచయిత. ఈ కథ 1884లో పారిస్‌లో ఒక దినపత్రికలో వచ్చింది. ఆడవాళ్ళు, నగలు, అరువు, అప్పు... మనం చదవాల్సిన కథే!

అరువు నగ

మటిల్డా అందగత్తె. పుట్టింది గుమస్తాల ఇంట్లో, కట్టుకున్నదీ విద్యాశాఖలో పనిచేసే ఓ చిన్న గుమస్తాని. తనకి దక్కాల్సిన వైభవమంతా ఎవరో ఎత్తుకుపోయినట్టు రోజూ కుమిలిపోతూ ఉంటుంది. మొగుడేమో రాత్రి భోజనానికి కూర్చుని, మూత తీసి, ఆహా ఇంతకన్నా రుచైన వంట ఉంటుందా అని సంబరపడే రకం. అదే బల్లకి ఎదురుగా కూర్చుని ఆవిడ వెండి పళ్ళాల్నీ, పెద్దింటి విందుల్నీ కలగంటూ ఉంటుంది.

ఒకరోజు అతను మంత్రిగారింట్లో విందుకి ఆహ్వానం సంపాదించుకుని వస్తాడు. ఆవిడ సంతోషించకపోగా, కట్టుకోవడానికి మంచి గౌను లేదని ఏడుస్తుంది. తుపాకీ కొనుక్కుని స్నేహితులతో వేటకి వెళ్దామని దాచుకున్న 400 ఫ్రాంకులు అతను ఆవిడ చేతిలో పెడతాడు. గౌను వచ్చింది. ఇప్పుడు నగ లేదు! పువ్వులు పెట్టుకోమంటే వినదు. చివరికి పాత స్నేహితురాలు మేడమ్ ఫారెస్టియర్ దగ్గరకి వెళ్తుంది. ఆవిడ డబ్బున్న మనిషి. నగల పెట్టె తెచ్చి ముందు పెట్టి, ఏది కావాలో తీసుకోమంటుంది. మటిల్డా గాజులు చూసింది, ముత్యాలు చూసింది, ఇంకేమైనా ఉన్నాయా అని అడిగింది. అప్పుడు నల్ల శాటిన్ పెట్టెలో మెరిసిపోతున్న వజ్రాల నెక్లెస్ కంటబడింది.

(పెళ్ళికి వెళ్తూ వదినగారి చంద్రహారం అడిగి పెట్టుకోవడం మనకేం కొత్త కాదు. అది తిరిగిచ్చేవరకు ప్రాణం ఎలా పీచుపీచుమంటుందో కూడా తెలుసు.)

విందులో అందరి కళ్ళూ ఆవిడ మీదే. తెల్లవారుజామున నాలుగింటి దాకా నాట్యం చేసింది. మొగుడు అర్ధరాత్రి నుంచీ ఓ చిన్న గదిలో కునికిపాట్లు పడుతున్నాడు. బయల్దేరేటప్పుడు ఇంటినుంచి తెచ్చిన మామూలు శాలువా ఆవిడ భుజాల మీద కప్పాడు. ఖరీదైన బొచ్చుకోట్లు వేసుకుంటున్న ఆడవాళ్ళు ఆ శాలువా చూస్తారేమోనని, బండి పిలిచేవరకు ఆగమంటున్నా వినకుండా మెట్లు దిగి పరుగెత్తింది. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే మెడలో నెక్లెస్ లేదు.

వెతికారు, దొరకలేదు. అలాంటిదే ఇంకోటి 36,000 ఫ్రాంకులకి కొని ఇచ్చేశారు. అతనికి తండ్రి వదిలిపోయిన 18,000 అందులో కరిగిపోయాయి. మిగతా సగం వడ్డీ వ్యాపారుల దగ్గర అప్పు. పనిమనిషిని మానిపించి, ఇల్లు ఖాళీ చేసి, మిద్దె పైన చిన్న గదుల్లోకి మారి, పదేళ్ళు పడ్డారు. అప్పు తీరాక ఒకరోజు మటిల్డాకి ఆ స్నేహితురాలు రోడ్డు మీద కనబడింది. ఫారెస్టియర్ ఇంకా పడుచుగానే ఉంది. మటిల్డాని గుర్తుపట్టనే లేదు. జరిగిందంతా విని ఆవిడ అన్నదేమిటంటే, తన నెక్లెస్ గిల్టుదట, మహా అయితే 500 ఫ్రాంకులు చేస్తుందట!

లెక్క వేశారా? డెబ్బైరెండు రెట్లు కట్టారు పాపం.

ఎలా తెలుసు?

మా అమ్మాయి అర్ధసంవత్సర పరీక్షలో మటిల్డా గురించి రాసింది. అత్యాశ గలది, డాంబికురాలు, తృప్తి లేనిది, భర్తను కష్టపెట్టినది... గైడులో ఉన్నదంతా ఒక్క తప్పు లేకుండా దింపింది. ఆరుకి మూడు వచ్చాయి. మార్జిన్‌లో టీచరుగారు ఎర్రసిరాతో ఒకేఒక్క ముక్క రాశారు: "ఎలా తెలుసు?"

పిల్ల ఏడుపుమొహం పెట్టింది కానీ, నాకైతే ఆ టీచరుగారి మీద గౌరవం కలిగింది. మనం మాత్రం అడగమా? ఎవరైనా వచ్చి "ఆవిడ వట్టి పిసినారి అండీ" అంటే, "ఏం, ఏం చేసింది?" అంటాం. ఏం చేసిందో చెప్పకపోతే అది చాడీ అవుతుంది కానీ నిజం అవదు.

ఆ సాయంత్రం చిక్కుడుకాయలు ఒలుస్తూ దాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. పుస్తకం దాని ఒళ్ళో. ప్రశ్నలు తెలుగులోనే. డాంబికం అన్నావు కదా, ఎక్కడ కనిపించింది? వెంటనే "విందుకెళ్ళడం" అంది. విందుకి వెళ్ళడం డాంబికమా, మనం వెళ్ళమా? ఆలోచించింది. పేజీలు తిప్పింది. "శాలువా కనబడకూడదని పరుగెత్తింది కదమ్మా, అదీ!" అంది. నాకు ముచ్చటేసింది. పెద్ద పెద్ద విశేషణాలు నాలుగు రాసేకన్నా ఆ పరుగు ఒక్కటి రాస్తే చాలు. చలిలో, బండి లేకుండా, వద్దంటున్నా పరుగెత్తడంలో ఆవిడ స్వభావం మొత్తం ఉంది. నెక్లెస్ ఆ పరుగులోనే జారిపోయిందేమో కూడా! కథలో ఎక్కడ పోయిందో చెప్పలేదు. అందుకని "జారిపోయింది" అని రాయకూడదు, "జారి ఉండవచ్చు" అని రాయాలి. పుస్తకంలో లేనిది రాస్తే మార్కు కోస్తారు.

రెండో ప్రశ్న అడిగాను. మొదట్లో ఉన్న మటిల్డా, చివర్లో ఉన్న మటిల్డా ఒక్కరేనా? గైడులో ఈ సంగతే లేదు. అప్పు నెత్తిన పడ్డాక ఆ కలల మనిషి ఏం చేసిందో చూడండి. జిడ్డు గిన్నెలు తోమింది, బట్టలు ఉతికింది, కిందనుంచి నీళ్ళు మోస్తూ అంతస్తు అంతస్తుకీ ఆగి ఊపిరి పీల్చుకుంది, బుట్ట పట్టుకుని బజారుకెళ్ళి మాటలు పడుతూ కూడా కానీ కానీకి బేరమాడింది. మంత్రిగారింట్లో మహారాణిలా మెరిసిన మనిషి! రచయిత కూడా ఇక్కడ ఆవిడ గుండెనిబ్బరాన్ని మెచ్చుకుంటూనే రాశాడు. మరి "అత్యాశ గలది" అన్న ఒక్క మాటతో ఆవిణ్ణి సరిపెట్టేస్తే అన్యాయం కాదూ?

చిత్రమేమిటంటే అంత కష్టంలోనూ ఆవిడ గర్వం మాత్రం చావలేదు. చివర్లో, నీకు కొనిచ్చిన నెక్లెస్‌లో తేడా నువ్వు కనిపెట్టనే లేదు కదా అని స్నేహితురాలి ముందు సంతోషంగా నవ్వుతుంది. మొదట్లో గర్వం లేనిది చూపించుకోవడానికి. ఇప్పటి గర్వం కష్టపడి తీర్చినందుకు. ఈ తేడా పట్టుకున్న పిల్లకి పేపరు దిద్దేవాళ్ళు మార్కు వెయ్యకుండా ఉండలేరు.

మొగుణ్ణి ఎవరూ పట్టించుకోరేం?

ఈ కథ గురించి నేను చూసిన గైడుల్లో తప్పంతా ఆడదాని నెత్తిన వేశారు. మొగుడు లోయిజెల్ మంచివాడు, త్యాగమూర్తి అని రెండు వాక్యాలు రాసి వదిలేశారు. త్యాగం నిజమే, కాదనను. తుపాకీ డబ్బు ఇచ్చాడు, తండ్రి ఆస్తి ఇచ్చాడు, రాత్రిళ్ళు కూర్చుని పేజీకి అయిదు సూల చొప్పున నకళ్ళు రాశాడు. నగ పోయిన రాత్రి వచ్చిన దారంతా నడిచి వెతికాడు. పోలీసులకి చెప్పాడు, పత్రికలకి చెప్పాడు, బండ్ల వాళ్ళని అడిగాడు.

అడగాల్సిన ఒక్క మనిషిని తప్ప! నెక్లెస్ కొక్కెం విరిగింది, బాగుచేయిస్తున్నాం అని స్నేహితురాలికి ఉత్తరం రాయమన్నది ఎవరు? అతనే. అతను చెబుతుంటే ఆవిడ రాసింది. అబద్ధం అతని నోటినుంచి వచ్చింది. కొత్తది కొనిచ్చేద్దామన్న నిర్ణయమూ అతనిదే. మరి పదేళ్ళ కష్టానికి కారణం ఒక్క మటిల్డా అత్యాశేనా?

ఈ పాయింటు రాయమని మా అమ్మాయికి చెబితే "గైడులో లేదు, రాయొచ్చా?" అంది. పుస్తకంలో ఉందా లేదా? ఉంది. మరింకేం! పరీక్షలో పాఠ్యపుస్తకమే సాక్ష్యం. గైడు అమ్మేవాళ్ళెవరూ వచ్చి పేపరు దిద్దరు.

థీమ్ అంటే నీతివాక్యం కాదు

క్యారెక్టర్ తర్వాత పిల్లలు తడబడేది థీమ్ దగ్గర. "ఈ కథ థీమ్ ఏమిటి?" అంటే "అత్యాశ" అని ఒక్క మాట రాస్తారు, లేదా కథ మొత్తం మళ్ళీ చెబుతారు, లేదా దురాశ దుఃఖానికి చేటు అనేస్తారు. ఈ మూడూ జవాబులు కావు. అత్యాశ అనేది విషయం. దాని గురించి ఈ కథ ఏమంటోందో పూర్తి వాక్యంలో చెప్పాలి.

దానికి నేను అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఈ కథలో ఏ ఒక్క పని వేరేలా చేసి ఉంటే పదేళ్ళూ మిగిలేవి?" విందుకి వెళ్ళకపోతే అంది ముందు. సరే, వెళ్ళింది, నగ పోయింది. అప్పుడు? "నిజం చెప్పేస్తే 500 ఫ్రాంకులతో పోయేది!" అంది. మరి ఎందుకు చెప్పలేదు? "పరువు పోతుందని." ఇదిగో, థీమ్ దానంతటదే నడిచొచ్చింది. అసలు స్థితి బయటపడుతుందన్న భయం మనిషిని అసలు నష్టం కన్నా ఎక్కువ నష్టంలోకి నెడుతుంది. ఇదే ఇంగ్లీషులో పెడితే ఒక వాక్యం.

ఇంకో దారిలోనూ పోవచ్చు. కథ అంతటా పైకి కనబడేదొకటి, లోపలున్నదొకటి. గిల్టు నగ వజ్రంలా కనిపించింది. గుమస్తా భార్య ఒక్క రాత్రి గొప్పింటి ఇల్లాలిలా కనిపించింది. ఇక అసలు వజ్రాలేమో, పాపం, ఫారెస్టియర్ ఇంట్లో పదేళ్ళపాటు గిల్టు అనుకుంటూ ఏ సొరుగులో పడి ఉన్నాయో!

మొపాసాకి ఈ గుమస్తాల బతుకు వేరేవాళ్ళు చెబితే తెలిసింది కాదు. పేరున్న రచయిత కాకముందు ఆయన నౌకాదళ శాఖలోనూ, తర్వాత విద్యాశాఖలోనూ గుమస్తాగా పనిచేశాడు. మటిల్డా మొగుడు పనిచేసింది ఆ శాఖలోనే! పెద్దవాళ్ళ ఫైళ్ళు మోస్తూ, పెద్దవాళ్ళలా బతకాలని ఆశపడే ఇళ్ళు ఆయన చూశాడు. అందుకే ఒక్క ఆడదాని దురాశ కథగా దీన్ని కుదించెయ్యడం నాకు నచ్చదు.

ఆ మాట మీదే మా అమ్మాయి తలెత్తి అడిగింది. "నువ్వైతే చెప్పేసేదానివా అమ్మా, అత్తకి, నీ హారం పోయిందని?" చిక్కుడుకాయలు అయిపోయేదాకా నాకు జవాబు తోచలేదు. వెంటనే చెప్పేస్తాను అనడం తేలికే. కానీ అదే సాయంత్రం ఆ ఇంటికి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డట్టు ఊహించుకుంటే కాళ్ళు చల్లబడ్డాయి. ఆ తర్వాత మటిల్డా గురించి తేలిగ్గా మాట్లాడలేకపోయాం ఇద్దరమూ.

మిగతా పాఠాలకీ ఇదే దారి

అదే పుస్తకంలో "భోలీ" అని ఇంకో కథ ఉంది, ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ రాసింది. పది నెలలప్పుడు మంచం మీంచి పడ్డ పిల్ల, రెండేళ్ళకి అమ్మవారు పోసి మొహమంతా మచ్చలు, మాట నత్తి. అసలు పేరు సులేఖ అయినా అందరూ పిచ్చిమాలోకం అన్నట్టు భోలీ అంటారు. అలాంటి పిల్ల చివరికి పెళ్ళిపీటల దగ్గర, తన మచ్చలు చూసి 5,000 రూపాయలు కట్నం అడిగిన ముసలి పెళ్ళికొడుకుని కాదంటుంది. ఇక్కడ మీ పిల్లని అడగాల్సింది ఆ నోటి గురించి. బడిలో మొదటిరోజు తన పేరు చెప్పడానికే తడబడిన నోరు పెళ్ళిరోజున ఎందుకు తడబడలేదు? మధ్యలో ఏం జరిగింది? టీచరమ్మ దగ్గరకి వచ్చేస్తారు. ఇంకోటి కూడా చూడమనండి. బడికి పంపుదాం, ఎలాగూ దీనికి పెళ్ళి కాదు కదా అంటుంది తల్లి. ఆ ఒక్క మాటలో ఆ తల్లి స్వభావం ఉంది. ఆవిడ చెడ్డదని రాయడం కన్నా ఆ మాట అన్నదని రాయడం మేలు.

ఐసీఎస్‌ఈ చదివే పిల్లలకి షేక్‌స్పియర్ నాటకాలు పెడుతుంటారు. "మర్చెంట్ ఆఫ్ వెనిస్" ఎన్నో ఏళ్ళు పెట్టారు. 1600లో మొదటిసారి అచ్చయిన నాటకం అది. అందులో షైలాక్ అంటే పిల్లలకి ఒకటే గుర్తు: 3,000 డకట్ల అప్పు బదులు పౌను మాంసం అడిగిన క్రూరుడు. క్రూరుడే, ఒప్పుకుందాం. కానీ తన మీద ఉమ్మిన మనిషే వచ్చి అప్పు అడిగాడన్నదీ నాటకంలోనే ఉంది. అతని కూతురు నగా నట్రా మూటగట్టుకుని వెళ్ళిపోయి, లియా అనే ఆమె షైలాక్‌కి పెళ్ళికి ముందెప్పుడో ఇచ్చిన ఉంగరాన్ని ఒక కోతి కోసం మార్చేసుకుందని తెలిసినప్పుడు అతను పడిన బాధా ఉంది. కోతులతో నిండిన అడవినిచ్చినా ఆ ఉంగరం ఇచ్చేవాణ్ణి కాదని విలపిస్తాడు. ఆ ఉంగరం గురించి రాసిన పిల్లకి షైలాక్ అర్థమైనట్టే. మంచివాడా చెడ్డవాడా అని తేల్చెయ్యమని ప్రశ్నలో లేదు. రెండు వైపులా చూపించి, తనకేం అనిపించిందో చెబితే సరిపోతుంది.

కాగితం మీద పెట్టేటప్పుడు

ఈమధ్య సంవత్సరాల సీబీఎస్‌ఈ పదో తరగతి ఇంగ్లీషు పేపర్లో 80 మార్కులకి 40 పాఠాల మీదే. పెద్ద ప్రశ్న ఒక్కోటి ఆరు మార్కులు, 100 నుంచి 120 పదాలు. అంటే పది పన్నెండు వాక్యాలు. ఇందులో కథ తిరిగి చెప్పడానికి చోటు లేదు. కథ తెలిసినవాళ్ళే దిద్దుతారు. మొదటి వాక్యంలోనే అభిప్రాయం చెప్పెయ్యాలి. తర్వాత రుజువులు, రెండు చాలు, ఒకటి కథ మొదట్లోది, ఒకటి చివర్లోది అయితే మార్పు కూడా అందులోనే వచ్చేస్తుంది. మూడు మార్కుల చిన్న ప్రశ్నకి 40, 50 పదాలే కాబట్టి ఒక్క రుజువు సరిపోతుంది. ఇంకో చిన్న సంగతి. కథలోని మనుషుల గురించి ఇంగ్లీషులో రాసేటప్పుడు "చేసింది, వెళ్ళింది" అని కాకుండా "చేస్తుంది, వెళ్తుంది" అన్నట్టు వర్తమాన కాలంలో రాయడం ఆనవాయితీ. సగం అలా, సగం ఇలా రాస్తే చదవడానికి బాగోదు.

మా ఇంట్లో చేసేది ఏమిటంటే, ముందు తెలుగులో నోటితో చెప్పమంటాను. నేను పప్పు తాలింపు వేసేలోగా అయిపోవాలి. తెలుగులో తడబడకుండా చెప్పగలిగిందంటే ఆలోచన కుదిరినట్టే. ఇంగ్లీషులో పెట్టుకోవడం దాని పని. రాశాక ప్రతి విశేషణం కిందా పెన్సిల్‌తో గీత గీసి, దాని పక్కనే రుజువు ఉందో లేదో చూడమంటాను. లేకపోతే ఆ విశేషణం కొట్టెయ్యడమే. దీనికి నాకు ఇంగ్లీషు రానక్కర్లేదు.

వారం రోజుల్లో అన్ని పాఠాలూ ఇలా చెయ్యాలని కూర్చుంటే ఇద్దరికీ విసుగొస్తుంది. రోజుకి ఒక మనిషి చాలు. మీకు తీరిక ఉంటే ఇవాళ రాత్రి ఫారెస్టియర్‌తో మొదలుపెట్టండి. నెక్లెస్ ఆలస్యంగా తెచ్చిచ్చారని మొహం ముడుచుకుని మాట్లాడిన మనిషి, చివర్లో నిజం విన్నాక కదిలిపోయి మటిల్డా రెండు చేతులూ పట్టుకుంటుంది. అంత మంచి మనసే ఉంటే, నగ అరువిచ్చిన రోజునే ఇది గిల్టుదే సుమా అని స్నేహితురాలితో ఒక్కమాట ఎందుకు అనలేదో మీ పిల్లని అడిగి చూడండి.